రాలిన కాయ ఎవరిది

మా ఆయనకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. మామిడి పూత మొదలైన దగ్గర్నుంచి ఆఖరి బుట్ట లారీ ఎక్కేదాకా ఆ కాళ్ళకు చక్రాలే. మంచు ఎక్కువ పడిందేమోనని తెల్లవారగానే వాకిట్లోకి, మబ్బు పట్టిందేమోనని డాబా మీదికి, అక్కడినుంచి బజారుకి, బజారునుంచి మళ్ళీ ఇంటికి. అన్నం ముందు కూర్చున్నా ఒక కాలు పీట దిగే ఉంటుంది. పంతొమ్మిది వందల అరవై రెండులో సరిగ్గా ఆ పూత రోజుల్లోనే ఎలక్షన్లు వచ్చి పడ్డాయి. ఇక చూసుకోండి.

ఆయన పేరు నేను నోటితో చెప్పకూడదు. రాస్తే తప్పులేదనుకుంటాను. పాండురంగారావు. నూజివీడు బజారులో మామిడిపళ్ళ వ్యాపారం. నా పేరు సుభద్ర. విస్సన్నపేట రోడ్డు మీద మాకున్న రసాల తోట మా నాన్న నాకు పసుపుకుంకుమ కింద ఇచ్చింది. తోటతోపాటు కావలివాడు చిన్నయ్య, వాడి పెళ్ళాం కనకమ్మ, చెట్ల మధ్య వాళ్ళ గుడిసె కూడా మాకు వచ్చాయి. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని తోటంతా తిప్పినవాడు చిన్నయ్య. నాకు పెళ్ళయినా, తల నెరిసినా, వాడికి నేను అమ్మాయిగారినే.

మా నాన్న కాలంనుంచీ ఆ తోటలో ఒక ఆనవాయితీ ఉంది. చెట్టున ఉన్న కాయ యజమానిది, గాలికి రాలిన కాయ కావలివాడిది. వేసవి గాలులకు రాలిన పచ్చికాయల్ని కనకమ్మ ముక్కలు కోసి, ఉప్పు రాసి, గుడిసె ముందు ఎండబెట్టి, ఆ ఒరుగుల్ని విస్సన్నపేట సంతలో అమ్ముకునేది. ఈ సంగతి చెప్పుకుని మా ఆయన బజారులో గొప్పపడేవారు కూడా. “కొమ్మ పట్టుకుని ఒక్క ఊపు ఊపితే బుట్టెడు రాలతాయి. చూసేవాడెవడు? అయినా మా చిన్నయ్య ఊపడు. నిజాయితీ అంటే అదయ్యా,” అనేవారు. ఆ మాట నా చెవులతో నేను ఎన్నిసార్లు విన్నానో.

మా ఆయన ఎడ్లజత గుర్తు మనిషి. అడిగితే గాంధీగారి పేరు చెబుతారు, ఖద్దరు చెబుతారు, దేశం చెబుతారు. అసలు సంగతి నేను చెబుతాను. ఒక ఏడు మంచి సీజనులో బజారు హమాలీలు ఎర్రజెండా పట్టుకుని పని మానేశారు. కొట్లో బుట్టలు బుట్టలుగా పళ్ళు కుళ్ళిపోయాయి. ఆ కుళ్ళు వాసన ఆయన ముక్కులోంచి ఇప్పటికీ పోలేదు. కంకి కొడవలి గుర్తు గోడమీద కనిపిస్తే చాలు, ముక్కు మూసుకున్నంత పని చేస్తారు.

నేనేదో పెద్ద తెలిసినదాన్ననుకోకండి. ఎడ్లజత కేండిడేటు ఓటు అడగడానికి మా ఇంటికి వచ్చినప్పుడు నేను అప్పుడే వేసిన ముగ్గును చెప్పులతో తొక్కి, నావైపు చూడనైనా చూడకుండా, “ఇంట్లో ఓట్లన్నీ మీ చేతిలోవే కదండీ,” అని మా ఆయనతో అన్నాడు. అప్పటినుంచీ ఆ మనిషంటే నాకు మంట. నా రాజకీయం అంతే.

ఆ మాఘమాసంలో తోటలో కొత్తగా వేసిన అంటుచెట్టు మొదటిసారి పూసింది. లేత చెట్టు నిండా పూతే. దిష్టి తగులుతుందని కనకమ్మ ఇంటికి వచ్చి పాతగుడ్డ ఏదైనా ఇమ్మంది. చిరిగిపోయిన నా ఎర్రచీర ఒకటి ఉంటే, సగం చింపి ఇచ్చాను. లేత కొమ్మ బరువు ఆపదని చిన్నయ్య చెట్టు పక్కన వెదురుకర్ర పాతి, దాని చివర గుడ్డ కట్టాడట.

రెండు రోజులు పోయాక మా ఆయన మధ్యాహ్నం వేళ కొట్టు వదిలేసి ఇంటికి వచ్చారు. చెప్పులు విప్పరు, కూర్చోరు. హాల్లో ఈ గోడనుంచి ఆ గోడకు తిరుగుతున్నారు.

“ఏమండీ, ఏంటి సంగతి?” అన్నాను.

“దశరథరామయ్య బస్సులోంచి చూశాడట. మన తోటలో ఎర్రజెండా ఎగురుతోందట. కొట్లో నలుగురి ముందూ అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.”

దశరథరామయ్యగారు ఎడ్లజత పార్టీకి ఊళ్ళో పెద్ద. మా ఆయన స్నేహితుడు. నాకు నవ్వు ఆగలేదు.

“జెండా ఏంటండీ! అది నా పాతచీర. కొత్త అంటుకి దిష్టిగుడ్డ కడతామంటే నేనే ఇచ్చాను.”

ఆయన ఒక్క క్షణం ఆగారు. హమ్మయ్య, తేలిపోయిందనుకున్నాను. మళ్ళీ నడక మొదలుపెట్టారు.

“చీర నీదే కావచ్చు. కర్రకి కట్టమని నువ్వు చెప్పావా?”

“లేదు. కొమ్మ లేతదని...”

“ఊళ్ళో ఇన్ని తోటలున్నాయి. ఎవడైనా దిష్టిగుడ్డని కర్రకి కట్టి నిలబెట్టాడా? అదీ రోడ్డు పక్కన! అదీ ఎలక్షన్ల ముందు!”

నేను ఇంకేదో అనబోయాను. ఆయన బండివాణ్ణి కేకేస్తున్నారు. ఈయన్ని ఒంటరిగా పంపితే ఏం చేసి వస్తారోనని నేనూ బండెక్కాను.

మేం వెళ్ళేసరికి చిన్నయ్య చెట్ల కింద పొగ వేస్తున్నాడు. పూతకు తేనెమంచు పురుగు పట్టకుండా ఎండాకులూ పచ్చాకులూ కలిపి రాజేస్తారు. గుడిసె ముందు వాళ్ళ కూతురు దుర్గ గోడకు చేరబడి కూర్చుంది. తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి. మమ్మల్ని చూసి లేవబోతే నేను వద్దన్నాను.

“ఆ గుడ్డ ఎవరు కట్టమన్నార్రా?” అన్నారు మా ఆయన, బండి దిగీ దిగకముందే.

చిన్నయ్య తలగుడ్డ తీసి నవ్వాడు. “దిష్టికండి, షావుకారుగారూ. అమ్మాయిగారే ఇచ్చారు.”

“దింపెయ్.”

చిన్నయ్య నావైపు చూశాడు. నేను తల ఊపాను. వాడు మారుమాట్లాడకుండా వెళ్ళి కర్ర పీకేశాడు. దీంతో అయిపోవాలి కదా? మా ఆయన గొంతు తగ్గించి నాతో అంటారూ, “చూశావా, ఒక్కమాట ఎదురాడకుండా దింపాడు. మనసులో ఏమీ లేనివాడైతే ఎందుకు దింపాలని అడగడూ?”

అడిగితే ఎదిరించాడంటారు. అడగకపోతే దాస్తున్నాడంటారు. ఏం చేస్తే బాగుండేదో ఆ దేవుడికే తెలియాలి.

“నీ బావమరిది కొండూరులో ఎర్రజెండా మీటింగుకి వెళ్ళాడటగా?” అన్నారు ఈసారి పైకి.

“వెళ్ళాడండి. బుర్రకథ పెట్టారంట. బాగా చెప్పారంటండి.”

“సరే. నీ ఓటు ఎటు?”

చిన్నయ్య ముఖంలో నవ్వు పోయింది. పొగ కళ్ళల్లోకి వస్తుంటే పక్కకు జరిగి నిలబడ్డాడు.

“అది ఎవరికీ చెప్పొద్దన్నారు కదండీ. ఈసారి పెట్టెలు వేరువేరుగా ఉండవంట. కాగితం మీద ముద్ర కొట్టి మడతపెట్టి వేసెయ్యాలంట. ఎవరు అడిగినా చెప్పక్కర్లేదని ఆఫీసరుగారు గూడెంలోకొచ్చి మరీ చెప్పారండి.”

“నాకు కూడా చెప్పవా?”

“మీకని కాదండి. ఎవరికీ చెప్పనండి.”

అంతే. మా ఆయన ముఖం ఎర్రబడింది. చుట్టూ చూశారు. గుడిసె చూరుకు వేలాడుతున్న ఒరుగుల సంచి కళ్ళబడింది. నిరుటివి, కొంచెమే మిగిలాయి.

“పోయిన వేసవిలో ఎంత పోగేశావు?”

“ఏంటండీ?”

“కాయ. రాలిందో, రాల్చావో ఎవడు చూశాడు? తోట నీ చేతుల్లో పెట్టి మేం ఊళ్ళో కూర్చున్నాం. ఇన్నాళ్ళూ దొంగ చేతికి తాళం ఇచ్చామన్నమాట!”

అదే మనిషి, అదే కాయ, అదే నోరు. నిజాయితీ అని బజారంతా చాటిన నోరు! “ఏమండీ!” అని గట్టిగా అరిచాను. ఆయన వినిపించుకోలేదు. చిన్నయ్య ఏడవలేదు, బతిమాలలేదు. చేతిలో ఉన్న పచ్చాకుల మోపు కింద పెట్టేశాడు.

“మరి మేం పోతామండి,” అన్నాడు.

“పిల్ల నెలలు నిండి ఉంది. ఎక్కడికి పోతావు? నువ్వుండు,” అన్నాను నేను.

“ఆ మాట పడ్డాక ఇక్కడ పురుడు పొయ్యలేం, అమ్మాయిగారూ.”

కనకమ్మ గుడిసెలోకి వెళ్ళి చట్టీ, చాపా, బొంతా బయట పెట్టింది. దుర్గ పొట్ట పట్టుకుని లేచి నిలబడింది. వెళ్ళేముందు కనకమ్మ ఆ వెదురుకర్ర దగ్గరకు వెళ్ళి ముడి విప్పి, గుడ్డ దులిపి, మడతపెట్టి నా చేతిలో పెట్టింది. “మీ గుడ్డండీ, అమ్మాయిగారూ. లెక్క ఉండాలి కదా,” అంది. చెంపమీద కొట్టినా అంత తగిలేది కాదు. బండిలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ గుడ్డ నా ఒళ్ళోనే ఉంది. మా ఆయన మాత్రం దారి పొడుగునా నీతులు చెబుతూనే ఉన్నారు.

వాళ్ళ స్థానంలో దశరథరామయ్యగారు పంపిన శ్రీరాములు వచ్చి గుడిసెలో చేరాడు. చొక్కాకి ఎడ్లజత బిళ్ళ పెట్టుకుని తిరిగేవాడు. మా ఆయన రెండు రోజులకోసారి తోటకు వెళ్ళి వచ్చి, “మన మనిషి ఉంటే ఆ ధైర్యమే వేరు,” అనేవారు. ధైర్యమున్న మనిషి రెండు రోజులకోసారి ఎందుకు వెళ్ళడం?

ఎలక్షన్ల రోజు ఆడవాళ్ళ వరుసలో నిలబడి నేనూ కాగితం తీసుకున్నాను. తెర చాటున ఎడ్లజత బొమ్మ చూడగానే చెప్పులకింద నలిగిన నా ముగ్గు, దాని వెనకే పొట్ట పట్టుకుని లేచిన దుర్గ కళ్ళముందు ఆడాయి. ఎర్రజెండావాళ్ళు గెలిస్తే నీ పసుపుకుంకుమ తోటే ముందు పంచేస్తారమ్మా అని దశరథరామయ్యగారు నన్ను బెదిరించి ఉన్నారు. పంచితే పంచనీ అనుకున్నాను. కంకి కొడవలి మీద ముద్ర కొట్టి, సిరా ఆరేదాకా ఊది, మడతపెట్టి వేశాను. చిన్నయ్య తరఫున వేశాననుకున్నాను. ఇంటికి వచ్చి అన్నం వండుతుంటే మాత్రం, నేను ఏ సిద్ధాంతం చదివి వేశానని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ముగ్గు సిద్ధాంతం!

వైశాఖంలో ఒక సాయంత్రం పెద్ద గాలి లేచింది. తెల్లారి మా ఆయనతో నేనూ తోటకు వెళ్ళాను. చెట్లకింద నేలంతా కాయే. శ్రీరాములు, వాడి పెళ్ళాం గోనెల్లోకి ఎత్తుతున్నారు. కొన్ని కాయల తొడిమలకు ఇంకా ఆకులున్నాయి. కొమ్మలు కూడా విరిగి ఉన్నాయి. గాలికి విరిగాయో, చేతికి విరిగాయో నేను చూడలేదు కనుక చెప్పను.

మా ఆయన చూశారు. నేను ఆయన్ని చూస్తున్నాను.

“పాపం, పిల్లలు గలవాడు. రాలినవే కదా. కావలివాడి హక్కది, మీ నాన్నగారి కాలంనుంచీ ఉన్నదే,” అన్నారు.

“మరి చిన్నయ్యకి?”

“అది వేరు.”

నేను వంగి నాలుగు కాయలు ఏరి కొంగులో వేసుకున్నాను. శ్రీరాములు పెళ్ళాం నన్ను వింతగా చూసింది.

మర్నాడు మా ఆయన కొట్టుకి వెళ్ళాక నేను బండి కట్టించుకుని చిన్నయ్య దగ్గరకు వెళ్ళాను. మా తోట దాటి ఇంకొంచెం దూరంలో ఎవరిదో తోటలో కూలికి ఉన్నారు. గుడిసె లేదు. పళ్ళు మాగబెట్టే పాకలో ఒక మూల చాప వేసుకున్నారు. దుర్గ పక్కన పసిపిల్ల నిద్రపోతోంది. ఆడపిల్ల. పుట్టిన దగ్గర్నుంచి మాగబెట్టే వరిగడ్డి ఘాటుకి తుమ్ముతూనే ఉందని కనకమ్మ చెప్పింది. నేను తెచ్చిన పాతచీరలు ఇస్తే తీసుకుంది. కోపం లేదు గానీ, నన్ను కూర్చోమనడానికి వాళ్ళకు పీట కూడా లేదు.

“వచ్చెయ్, చిన్నయ్యా. తోట నాది. నేను పిలుస్తున్నాను,” అన్నాను.

“మీరు పిలిస్తే వస్తాను, అమ్మాయిగారూ. కానీ ఆయన నోటితో దొంగన్నారు. ఆయన నోటితోనే కాదనాలి.”

“ఆయన అంటారు. ఒక్కటే మాట, నీ ఓటు... ఆయన మనసులో అదే పురుగు తొలుస్తోంది. నువ్వటు వేయలేదని చెబితే చాలు, మెత్తబడతారు.”

నేను ఆ మాట ఎందుకన్నానో! అన్నందుకు వెంటనే సిగ్గేసింది. చిన్నయ్య చేతిలో ఉన్న, కాయలు కోసే చిక్కం ముడులు సర్దాడు.

“ఎడ్లకే వేశానమ్మా,” అన్నాడు నెమ్మదిగా.

“ఎడ్లకా?” అన్నాను.

“ఇన్నేళ్ళు ఎడ్ల వెనకే తిరిగిన చెయ్యి. కాగితం మీద ఆ బొమ్మ కనపడితే ఇంకోచోటికి పోలేదు. షావుకారుగారి మీద కోపం లేక కాదు. ఆయన మీద కోపం ఎడ్ల మీద తీర్చుకోవడమేంటి అనిపించింది. అయితే ఆయనకి మాత్రం చెప్పొద్దు.”

“చెబితే ఈ పూటే గుడిసెకి వచ్చేస్తారు కదరా! ఆ పసిపిల్లని చూడు!”

“చూస్తూనే ఉన్నానండి. చెబితే ఏమంటారు? మనవైపే వేశాడు, అయితే దొంగ కాడు అంటారు. మరోసారి వాళ్ళకి వేస్తే మళ్ళీ దొంగనవుతాను. కాయ ముట్టనిది నేను, అమ్మాయిగారూ. ఓటు కాదు. నాకలాంటి మంచి పేరొద్దు.”

చెప్పనని వాడి ముందు ఒప్పుకున్నాను. బండిలో తిరిగి వస్తూ లెక్క వేసుకున్నాను. నేను ఎవరికోసం కంకికి వేశానో వాడు ఎడ్లకి వేశాడు. మా ఆయన ఎవర్ని ఎర్రవాడని తరిమారో వాడు ఆయన వైపే ఉన్నాడు. అసలు ఎర్ర ఓటు ఆయన పక్కనే కూర్చుని ఆయనకు అన్నం వడ్డిస్తోంది. ఒక్కమాట చెబితే పసిపిల్ల గుడిసెకి వస్తుంది. ఆ మాటే చెప్పకూడదు.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చారు. నేను వడ్డించలేదు. నేను ఏరి తెచ్చిన కాయల్ని పీట ముందు పెట్టాను.

“ఏంటివి?”

“రాలిన కాయలు. ఎవరివో చెప్పండి. చిన్నయ్య దగ్గరకు వెళ్ళి వచ్చాను. దుర్గకి ఆడపిల్ల పుట్టింది. మాగబెట్టే పాకలో గడ్డిమీద పెంచుతున్నారు. మీరు వెళ్ళి ఆ దొంగ మాట వెనక్కి తీసుకుంటే వాళ్ళు వస్తారు. శ్రీరాములుకి కొట్లో పని చూపించండి.”

ఆయన పీట మీదనుంచి లేచారు. గోడదాకా వెళ్ళి తిరిగి వచ్చారు. “ముందు ఎటు వేశాడో చెప్పమను,” అన్నారు.

“వాడు ఎటు వేశాడో నాకు తెలుసు.”

“ఎటు?”

“చెప్పను. నేనెటు వేశానో చెబుతాను, వినండి. కంకి కొడవలికి వేశాను.”

ఆయన నడక ఆగిపోయింది. పూత మొదలైన దగ్గర్నుంచి ఆ మనిషి అంతసేపు కదలకుండా నిలబడటం నేను చూడలేదు.

“నువ్వా?”

“నేనే. ఆ ఎర్రచీరా నాదే, ఓటూ నాదే. నిన్న తోటలోంచి కాయ తెచ్చిందీ నేనే. ఇప్పుడు చెప్పండి, నేను దొంగనా? రేపటినుంచి ఇనప్పెట్టె తాళంచెవి నా దగ్గర ఉంచుతారా, తీసేసుకుంటారా?”

“నీ సంగతి వేరు,” అన్నారు.

“శ్రీరాములు వేరు, చిన్నయ్య వేరు, నేను వేరు. ఎలా వేరో చెప్పండి. చెప్పేదాకా నేనిక్కడినుంచి లేవను, మీకు అన్నం పెట్టను.”

ఆయన కూర్చున్నారు. ఒక కాయ చేతిలోకి తీసుకుని తొడిమ దగ్గర బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయారు. సొన వేలికంటింది. ఆయనంటే నాకున్న కోపమంతా ఉన్నా, ఆ కాసేపు జాలేసింది. నా ముగ్గు సంగతి నన్ను ఎవరైనా అడిగితే నేను మాత్రం ఏం చెబుతాను?

“ఆ చీర... నిజంగా నువ్వే ఇచ్చావా?”

“మొదటి రోజే చెప్పాను. మీరు విననేలేదు.”

వీధిలో ఎవరిదో గిత్తల బండి వెళ్ళిన చప్పుడైంది. ఆయన కాయ పక్కన పెట్టి, వేళ్ళు తువ్వాలుకి తుడుచుకుని, నావైపు చూడకుండా అడిగారు.

“ఈవేళ బండి ఖాళీగా ఉంటుందా?”

“మీరు సైకిలు మీద వెళ్ళండి,” అన్నాను. “బండి వెనకాల పంపిస్తాను. వచ్చేటప్పుడు చంటిపిల్ల ఉంటుంది.”